పాత కారులో కొత్త పాట

దుఖాన్ అంటే అరబ్బీలో పొగ అని అర్థం. దోహా నుంచి పడమరగా 80 కిలోమీటర్లు పోతే, ఎడారి అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఉంటుంది ఈ ఊరు. ఖతార్‌లో మొట్టమొదట చమురు పడింది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోవడంతో, ఇక్కడి చమురు గొట్టాల్లో తూర్పు తీరానికి చేరి మొదటి ఓడ ఎక్కేసరికి 1949 చివరికొచ్చింది. నేనిక్కడ కంట్రోలు రూముల్లో నడిచే సాఫ్ట్‌వేర్ చూసుకుంటూంటాను. కరివేపాకుకీ, నలుగురు తెలుగువాళ్ళ మొహాలు చూడ్డానికీ వారానికోసారి దోహా వెళ్ళాలి. పోను గంట, రాను గంట. మధ్యలో అల్ షహానియా దగ్గర ఒంటెలు తప్ప చూడ్డానికేమీ ఉండదు. పాట లేకపోతే ఆ రోడ్డు మీద కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి.

నా కారు 2003 మోడలు జపాను కారు. అమలాపురం దగ్గర్నించి వచ్చి, ఇక్కడ ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపిన ఒకాయన 2022లో ఇంటికి వెళ్ళిపోతూ నాకు అమ్మారు. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయే. “ఇంజను బండరాయి అబ్బాయ్, నీకేం భయం లేదు. పాటలంటావా, కేసెట్టుంది, సీడీ ఉంది” అన్నారు. నా పాటలన్నీ ఫోనులో ఉన్నాయి. ఫోను చేత్తో పట్టుకుని నడపడం మాట అటుంచి, 2023 సెప్టెంబరు నుంచి ఇక్కడ కెమెరాలే ఆ పని పట్టేసి 500 రియాళ్ళ జరిమానా పంపిస్తున్నాయి. కాబట్టి ఫోనులోని పాటని డాష్‌బోర్డులోని పాత డబ్బాలోకి ఎక్కించే దారి వెతకాలి. మీలో పాత కారుని వదులుకోలేనివాళ్ళు ఉంటే ఈ గోల పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి దారి: దొంగ రేడియో స్టేషను

సిగరెట్ లైటర్ సాకెట్టులో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అందరికీ తెలిసిందే. ఫోను నుంచి బ్లూటూత్‌లో పాట తీసుకుని, 87.5 నుంచి 108 మెగాహెర్ట్‌జ్ మధ్య మనం చెప్పిన చోట ప్రసారం చేస్తుంది. కారు రేడియో దాన్ని నిజం స్టేషనే అనుకుంటుంది. దుఖాన్‌లో దీనికి పోటీ తక్కువ, పాట బానే వినిపిస్తుంది. దోహా దగ్గరపడేకొద్దీ అసలు స్టేషన్లు గట్టిపడతాయి. నేను వింటున్న ఘంటసాల వెనకనుంచి ఎవరో మలయాళంలో వార్తలు చదవడం మొదలెడతారు. ఈ బుల్లి ట్రాన్స్‌మిటర్ల శక్తి చట్టరీత్యానే చాలా తక్కువ. పెద్ద స్టేషను అదే చోట ఉంటే, రేడియో బలమైనదాన్నే పట్టుకుంటుంది. పైపెచ్చు ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్‌జ్ పైన ఉన్న శబ్దమంతా కత్తిరించేస్తారు. వార్తలకి ఫరవాలేదు గానీ పాటకి కొంచెం అన్యాయమే.

రెండో దారి: దొంగ కేసెట్టు

కేసెట్టు ఆకారంలో ఉండి, లోపల టేపు లేకుండా, ఒక తీగ బయటికి వేలాడే వస్తువు గుర్తుందా? దాని లోపల ఒక చిన్న అయస్కాంతపు హెడ్ ఉంటుంది. టేపు మీద ఉండాల్సిన అయస్కాంత క్షేత్రాన్ని అది తనే పుట్టించి ప్లేయర్ హెడ్‌కి చూపిస్తుంది. పాపం ప్లేయరు టేపు తిరుగుతోందనే అనుకుంటుంది. ఎఫ్ఎం కంటే నయం, ఇతర స్టేషన్ల గొడవ లేదు. కానీ లోపలి పళ్ళచక్రాలు టకటకమంటూంటాయి. ఆగస్టులో, ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే మొహం మీదికి పొయ్యి సెగ కొడుతుంది. ఆ వేడికి నా దొంగ కేసెట్టు రెండో వేసవిలో వంకర తిరిగి, లోపలే ఇరుక్కుంది. పట్టకారుతో బయటికి లాగాను. ప్లేయరు బతికింది.

మూడో దారి: మొత్తం పీకెయ్యడం

ఇక కోపమొచ్చి, పాత డబ్బా పీకేసి పెద్ద తెరవున్న కొత్తది పెడదామనుకున్నాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు.

కొలత ముందు చూసుకోండి. ఎక్కువ కార్లలో డాష్‌బోర్డు రంధ్రం 180 మిల్లీమీటర్ల వెడల్పు. ఎత్తు 50 అయితే సింగిల్ డిన్, 100 అయితే డబుల్ డిన్. జర్మనీ వాళ్ళ ప్రమాణం కాబట్టి ఆ పేరు. టొయోటా కార్లు చాలావాటిలో వెడల్పు 200 ఉంటుంది, అటూ ఇటూ సందులు మూసే ప్లాస్టిక్ ముక్కలు విడిగా కొనాలి.

తీగలు కత్తిరించకండి. మీ కారు సాకెట్టుకి సరిపడే హార్నెస్ అడాప్టరు దొరుకుతుంది. బజారు ప్లేయర్లలో పసుపు తీగ ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్త్. కారు తయారుచేసినవాళ్ళ రంగులు వేరే ఉంటాయి. రంగుని నమ్మకండి, మల్టీమీటరుని నమ్మండి.

డబ్బా మీద “50 వాట్లు × 4” అని ఉంటే చిరునవ్వు నవ్వి ఊరుకోండి. ఇంజను నడుస్తుంటే కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. 4 ఓముల స్పీకరుకి దానితో అందేది, లెక్క వేస్తే, మహా అయితే 26 వాట్లు. నష్టాలు పోగా 20 మిగిలితే గొప్ప.

అన్నిటికంటే ముఖ్యమైనది: స్పీకరు మైనస్ తీగ ఎర్త్ కాదు. ఈ ప్లేయర్లలో ప్రతి స్పీకరుకీ రెండు యాంప్లిఫయర్లు ఉంటాయి, ఒకటి ఈ కొసనీ, ఒకటి ఆ కొసనీ ఎదురెదురుగా తోస్తాయి. 12 వోల్టుల బండిలో అన్ని వాట్లు వచ్చే కిటుకు అదే. ఆ మైనస్ తీగని కారు బాడీకి తగిలిస్తే యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఏది కొనాలో చూస్తున్న రోజుల్లోనే బాబాయ్ ఫోను చేశారు.

“అబ్బాయ్, గ్లోవ్ బాక్సులో కేసెట్లు వదిలేశాను, ఉన్నాయా?”

“ఉన్నాయి బాబాయ్. పాత సినిమా పాటలేగా?”

“ఒకదాని మీద ‘అమ్మ’ అని రాసుంటుంది. అది మటుకు పారెయ్యకు.”

గల్ఫ్‌లో పాతవాళ్ళకి తెలుసు. ఫోను నిమిషాలు బంగారం ధర పలికే రోజుల్లో ఉత్తరాలు కేసెట్లలో వెళ్ళేవి. ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళ పెట్టెల్లో అప్పడాలతో పాటు ఒక కేసెట్టు. బాబాయ్ వాళ్ళమ్మకి రాయడం రాదు. 1996లో పక్కింటివాళ్ళ టేప్‌రికార్డరు ముందు కూర్చుని కొడుకుతో అరవై నిమిషాలు మాట్లాడారు. 2001లో పోయారు. “ఫొటోలు రెండున్నాయి. గొంతు అందులోనే ఉంది. ఇక్కడ దాన్ని తిప్పే మిషను ఎవరి దగ్గరా లేదు” అన్నారు.

నాకు తెలిసినంతలో మా చుట్టుపక్కల ఆ మిషను నేను పీకి పారేద్దామనుకుంటున్నదే.

నాలుగో దారి: దొంగ ఛేంజరు

అప్పుడు మళ్ళీ పాత డబ్బా వెనక వైపు చూశాను. అక్కడొక వాడని సాకెట్టు ఉంది. డిక్కీలో పెట్టే ఆరు సీడీల ఛేంజరు కోసం వదిలినది. టొయోటా వాళ్ళ బండ్లలో ఈ తీగల మీద నడిచే భాషని ఏవీసీ-లాన్ అంటారు, ఎన్ఈసీ కంపెనీ వాళ్ళ ఐఈబస్ దీనికి మూలం. బండి ఆన్ చెయ్యగానే ప్లేయరు “ఛేంజరూ, ఉన్నావా?” అని అడుగుతుంది. జవాబు వస్తేనే ఆ బటను పనిచేస్తుంది. బజారులో దొరికే చిన్న డబ్బాలో మైక్రోకంట్రోలరు సరిగ్గా ఆ జవాబే చెబుతుంది: “ఉన్నాను, ఒకటో సీడీ, మూడో పాట.” మన పాటల శబ్దాన్ని అదే సాకెట్టులోకి పంపుతుంది. తర్వాతి ట్రాకు బటను నొక్కితే, ఆ మాటని బ్లూటూత్ భాషలోకి మార్చి ఫోనుకి చెబుతుంది. డిజైన్ ప్యాటర్న్‌ల పుస్తకంలో అడాప్టర్ అని చదివాం కదా, అదే ఇది, అగ్గిపెట్టెకి అన్నగారంత సైజులో.

బిగించేటప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. బ్యాటరీ మైనస్ విప్పకుండానే మొదలెట్టాను. స్క్రూడ్రైవరు జారింది, చిన్న మెరుపు. గడియారం పోయింది, లోపలి లైటూ పోయింది, రేడియో పోయింది. మూడింటికీ ఫ్యూజు ఒకటే. ఆ రోజు శుక్రవారం పొద్దున్న, షాపులు మూసి ఉన్నాయి. పక్కనున్న మిత్రుడు సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టమని సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. ఫ్యూజు ఉన్నది ప్లేయరుని కాపాడ్డానికే కాదు, డాష్‌బోర్డు వెనక దుప్పటిలా పరుచుకున్న తీగలు అంటుకోకుండా. మర్నాడు అదే ఆంపియర్ల ఫ్యూజు వేస్తే అన్నీ లేచి కూర్చున్నాయి. ఇంకోటి, కొన్ని ప్లేయర్లు బ్యాటరీ విప్పితే దొంగతనం కోడ్ అడుగుతాయి. కోడ్ చేతిలో ఉంచుకుని బ్యాటరీ విప్పండి.

కొత్త డబ్బాకి తీగతో పాట ఇచ్చే దారి కూడా ఉంది. ఫోనుకి చార్జరు పెట్టి, ఆ తీగ తగిలించగానే ‘కుయ్’ మని ఒక కూత. యాక్సిలరేటరు నొక్కితే కూత కూడా పైకి పోతుంది. ఇది ఆల్టర్నేటరు గొంతు. చార్జరు ద్వారా ఒక ఎర్త్, పాట తీగ ద్వారా ఇంకో ఎర్త్, రెండూ కలిసి ఉచ్చులా తయారవుతాయి. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఐసోలేటరు పెడితే పోతుంది. బ్లూటూత్‌లో అసలు తీగే లేదు కనక కూతా లేదు.

అమ్మ కేసెట్టు

పాటల గొడవ తీరింది. మిగిలింది అసలు పని.

ముందు ఆ కేసెట్టుని తిప్పే ధైర్యం చెయ్యలేదు. పాత సినిమా పాటల కేసెట్టుని రెండుసార్లు తిప్పి, టేపు నమలడం లేదని తేల్చుకున్నాను. హెడ్‌ని స్పిరిట్ దూదితో తుడిచాను. అమ్మ కేసెట్టు తెరిచి చూస్తే, టేపుని హెడ్‌కి ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంది. మరలతో బిగించిన ఒక పాటల కేసెట్టు విప్పి, దాని డొక్కులోకి అమ్మ టేపు చక్రాలు మార్చాను. ఆ పది నిమిషాలూ ఊపిరి బిగపట్టే ఉన్నాను. సర్వర్లో డేటా పోతే బ్యాకప్ ఉంటుంది, దీనికి లేదు.

ఈ ప్లేయరుకి లైన్ అవుట్ లేదు. ఉన్నవి స్పీకరు తీగలే. వాటి మైనస్ ఎర్త్ కాదని పైన చెప్పాను కదా, కాబట్టి లాప్‌టాప్‌కి నేరుగా తగిలించకూడదు. స్పీకరు శబ్దాన్ని తగ్గించి, ఎర్త్‌ని వేరుచేసే ట్రాన్స్‌ఫార్మరు రకం కన్వర్టరు మధ్యలో పెట్టాను. దాని నుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డు, అక్కడ్నించి ఆడాసిటీ. డిసెంబరు రాత్రి, చల్లగా ఉంది, ఏసీ అక్కర్లేదు. ఇంజను ఆపేసి తాళం ఒక మెట్టు మాత్రం తిప్పాను, ఆల్టర్నేటరు కూత రాకుండా. లాప్‌టాప్ చార్జరు కూడా పెట్టలేదు. మాట మసగ్గా వస్తుంటే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పాను. ‘స’ అన్నప్పుడల్లా స్పష్టంగా వినిపించే చోట ఆపాను. ఒక్కో పక్క 30 నిమిషాలు, 300 మెగాబైట్ల పైచిలుకు.

అందులో ఏముందో ఇక్కడ రాయను, అది వాళ్ళింటి సంగతి. ఒక్కటి చెబుతాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ మధ్యలో ఆగి, పక్కనున్నవాళ్ళని “ఇది తిరుగుతోందా?” అని అడిగారు. దుఖాన్‌లో చీకట్లో కారులో కూర్చున్న నేను “తిరుగుతోందమ్మా” అనబోయాను.

వెనక ఏదో ఇనప చప్పుడు ఉంటే, సాఫ్ట్‌వేర్‌తో తీసేసి పంపాను. మరుసటి రోజు బాబాయ్ ఫోను చేశారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అబ్బాయ్, వెనకాల ఒక చప్పుడుండాలే, ఏమైంది?” అన్నారు. తీసేశానని చెప్పాను. “అది మా పెరట్లో బోరింగు. ఉంచెయ్” అన్నారు. తాకని మొదటి కాపీ నా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. మీరు ఇలాంటి పని చేస్తే, ఎంత శుభ్రం చేసినా అసలు రికార్డింగుని మటుకు చెరపకండి.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫోనులోని పాటలు ఆ పాత డబ్బాలోంచే వస్తున్నాయి. కేసెట్టు ప్లేయరు అలాగే ఉంది, కానీ లోపలి రబ్బరు బెల్టు ఇంకెన్ని వేసవులు కాస్తుందో దానిష్టం. మీ ఇంట్లో, సొరుగులో అడుగున, ఇలాంటి కేసెట్టు ఒకటుంటే వచ్చే శనివారం దాని పని చూడండి. పాటలు మళ్ళీ దొరుకుతాయి.