వీధిలో దొరికే మాటలు

మావారికి భోపాల్ బదిలీ అయినప్పుడు మా పాపకు మూడేళ్లు. ఏడాదిన్నర గడిచాక ఒక ఆదివారం వీడియో కాల్‌లో నరసాపురం నుంచి మా అత్తగారు "ఇవాళ మీ అమ్మ ఏం కూర వండిందే?" అని అడిగారు. పాప వంటింట్లోకి తొంగి చూసి వచ్చి "గ్రీన్‌ది" అంది. అది బీరకాయ. అత్తగారు నవ్వేశారు గానీ ఆ తర్వాత మాటలు ముందుకు సాగలేదు. ఆవిడకు హిందీ రాదు, దీనికి చెప్పడానికి తెలుగు చాలడం లేదు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

బదిలీల మీద తిరిగే మన కుటుంబాలకు ఇది కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం కదా అని ధైర్యంగా ఉంటాం. ఒక రోజంతా పిల్లలతో మనమన్న మాటలు గుర్తుచేసుకుంటే తెలుస్తుంది: రా, తిను, స్నానం చెయ్యి, ముట్టుకోకు, పడుకో. నాలుగు గోడల మధ్య తిరిగే మాటలు కొద్దే. మిగతావన్నీ బయట ఉన్నాయి. కూరగాయల బండి దగ్గర, దర్జీ దుకాణంలో, ఇస్త్రీ బండి దగ్గర, పోస్టాఫీసులో. మన చిన్నప్పుడు వాటిని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అమ్మ చేతిసంచి పట్టుకుని వెంట తిరిగితే వచ్చేశాయి. ఇప్పుడు ఫోన్లో నొక్కితే సరుకులు గుమ్మంలోకి వస్తున్నాయి, ఆ మాటలు మాత్రం రావడం లేదు.

నేను మొదట చేసిన పని ఫ్లాష్ కార్డులు కొనడం. రెండు వారాల్లో పాప కార్డు చూసి "వంకాయ" అని ఠక్కున చెప్పేది. బండి మీద తెల్ల వంకాయ చూపిస్తే మాత్రం తెల్లమొహం వేసింది. కార్డు మీది వంకాయకు ఒకటే రంగు, బరువు లేదు, తొడిమకు ముల్లు లేదు. పిల్లలకు ఒక మాట పట్టుబడాలంటే దాన్ని పలుమార్లు, పలుచోట్ల, తాకుతూ, అవసరపడి వినాలి. అంతకంటే ముఖ్యం, పిల్ల దేన్ని చూస్తోందో దాని పేరే ఆ క్షణంలో మన నోట రావాలి. అది పిల్లివైపు చూస్తుంటే మనం "అదిగో బస్సు" అంటే రెండు మాటలూ పోతాయి.

సెలవులకు ఊరొచ్చినప్పుడు రోజూ పొద్దున్నే రైతు బజారుకు తీసుకెళ్లాను. 1999లో మొదలైన ఈ బజార్లు పండించినవాళ్లే తెచ్చి అమ్ముకోవడానికి పెట్టినవి, అందుకే పిల్లల "ఎందుకు"లకు జవాబులూ అక్కడే దొరుకుతాయి. తెలుగులో ఒక్కో వస్తువుకు ఒక్కో లెక్క ఉందని నాకూ అక్కడే తట్టింది. తోటకూర కట్ట, కరివేపాకు రెమ్మ, వెల్లుల్లి పాయ, ఆ పాయలో రెబ్బలు. అరటి గెల, గెలలో హస్తాలు. మల్లెపూలు మూర. మూర అంటే మోచేయి నుంచి వేలి కొస దాకా అని పూలమ్మే అవ్వ కొలిచి చూపిస్తే, పాప తన చెయ్యి పక్కన పెట్టి "నా మూర చిన్నది" అంది. ఏ లెక్కల పుస్తకమూ అక్కర్లేకుండా కొలత అనేది అర్థమైపోయింది. ఇంటికొచ్చి జాన, బెత్తెడు, బార కూడా నేర్చుకుని గోడలన్నీ కొలిచింది. కొసరు, బోణీ, బేరం తర్వాత రోజుల్లో వచ్చాయి. కొసరు మాత్రం తెగ నచ్చేసింది, బిస్కెట్లకు కూడా అడిగేది!

ఒక్కసారికి మూడు నాలుగు కొత్త మాటలు చాలు. బజారులో పాఠం చెబితే పిల్లలు చెయ్యి విడిపించుకుంటారు. డబ్బులు వాళ్ల చేతే ఇప్పించండి, "తాతా, పావుకిలో" అని వాళ్లనే అడగనివ్వండి. తాతా, అక్కా, బాబాయ్ అనే వరస కూడా నేర్వాల్సిన మాటే. ఇంటికొచ్చాక దుకాణం ఆట ఆడండి. తూచడం, ఏరడం, విదల్చడం, కట్టగట్టడం లాంటి క్రియలు ఆ ఆటలోనే నిలుస్తాయి. పేర్ల కంటే క్రియలు కష్టం, వాటిని చేస్తేనే వస్తాయి. పిల్ల "అత్త బెండకాయ విరిచింది" అంటే, "అవును, లేతదో ముదరదో చూడ్డానికి కొస విరిచింది" అని మనం కాస్త పొడిగించి అంటే చాలు. (బండి దగ్గర మరీ ఎక్కువ విరవనివ్వకండి, మాకు చివాట్లు పడ్డాయి.)

హిందీ వల్ల తెలుగు పోతుందని నేను భయపడ్డాను. అనవసరం. తోపుడు బండి అంటే ఏమిటో చూసి తెలుసుకున్న పిల్లకు "ఠేలా" అనేది ఇంకో పేరు మాత్రమే. నరసాపురం నానమ్మకు ఆనపకాయ, కర్నూలు అమ్మమ్మకు సొరకాయ, భోపాల్ బండి భయ్యాకు లౌకీ. పాప మూడింటినీ మనిషిని బట్టి మార్చేస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు ఉండాలంది. పరాయి రాష్ట్రపు బడిలో మన పిల్లలకు ఆ వీలు దొరకడం కష్టం. అందుకే వీధిని వదులుకోకూడదు.

మన బ్రాంచినీ మరవకండి. "నాన్న బ్యాంకుకెళ్లాడు" అనే పిల్లల్లో చాలామందికి అక్కడ నాన్న ఏం చేస్తాడో తెలియదు. నెల మొదటి వారం వద్దు, కౌంటర్లో ఉన్నవాళ్లు మనల్ని తిట్టుకుంటారు. రద్దీ లేని మధ్యాహ్నం పది నిమిషాలు చాలు: నగదు, జమ, సంతకం, ముద్ర. నవంబరులో మేం వెళ్లినప్పుడు పెన్షన్ తీసుకునే పెద్దాయన ఒకరు లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెడుతున్నారు. "ఎందుకు?" అంది పాప. "నేను బతికే ఉన్నానని చెప్పడానికి" అన్నారాయన హిందీలో. వేలిముద్ర అనే మాట ఇక దానికి మరపు రాదు.

మొన్న ఆదివారం మళ్లీ కాల్. "నానమ్మా, తోటకూర రెండు కట్టలు కొన్నాం, భయ్యా కొసరు వెయ్యలేదు" అని మొదలుపెట్టింది. "ఎంత పెద్ద కట్టలే?" అన్నారు అత్తగారు. పాప చూపిద్దామని చెయ్యి కెమెరాకు ఆనించేసింది. అరగంట మాట్లాడుకున్నారు, అందులో సగం సేపు అవతల తెర మీద కనిపించింది మోచెయ్యే.