మన చూపే సిఫారసు

సిఫారసు అనే మాట మన ప్రాంతంలో ఉర్దూ మాట్లాడేవారికీ, తెలుగు మాట్లాడేవారికీ ఒకటే. కాలేజీలో సీటు కావాలన్నా, ఆఫీసులో పని జరగాలన్నా పెద్దమనిషి ఒకరు మన తరఫున చెప్పే మాటను సిఫారసు అంటాం. సిఫారసు చేసేది ఎవరు, ఎందుకు చేస్తున్నారు, అందులో వారికి దక్కే లాభమేమిటి అని విచారించడం మన పెద్దల అలవాటు. అయితే నేడు ప్రతి ఇంట్లోనూ రాత్రింబవళ్ళు సిఫారసులు చేసే కొత్త పెద్దమనిషి ఒకరు వెలిశారు. ఆయన గురించి మాత్రం మనం ఏమీ విచారించడం లేదు. ఆ పెద్దమనిషి మరెవరో కాదు, మన ఫోనులో ఒక వీడియో ముగియగానే మరొకటి తెచ్చి ముందుంచే యూట్యూబ్ యంత్రాంగం.

యూట్యూబ్ 2005లో మొదలైంది. మరుసటి ఏడాదే గూగుల్ సంస్థ దానిని 165 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రజలు అందులో గడిపే సమయంలో 70 శాతానికి పైగా ఈ సిఫారసుల మూలంగానే గడుస్తోందని 2018 జనవరిలో ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ స్వయంగా చెప్పారు. అంటే మనం కోరి వెదికి చూసేది తక్కువ, ఎదుట పెడితే చూసేది ఎక్కువ అన్నమాట.

ఒకే అంగడి, వేరు వేరు సరుకు

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన పట్టణం. ఆళ్లగడ్డలో ఉలి పట్టిన యువకుడు ఒకరు, నంద్యాలలో బ్యాంకు పరీక్షకు చదువుతున్న అమ్మాయి ఒకరు ఒకే సమయంలో యూట్యూబ్ తెరిచారనుకుందాం. ఆ యువకునికి రాయి కోసే యంత్రాలు, విగ్రహాల నగిషీ పనులు కనిపిస్తాయి. ఆ అమ్మాయికి లెక్కల పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు కనిపిస్తాయి. అంగడి ఒకటే, సరుకు మాత్రం వేరు. ఎందుకని?

మంచి బట్టల అంగడిలో గుమాస్తాను గమనించండి. మనం ఏ గుడ్డను చేత్తో తాకాం, ఏ రంగు దగ్గర ఆగాం, దేనిని చూడగానే తల తిప్పుకున్నాం అన్నది ఆయన కళ్ళు పట్టేస్తాయి. తర్వాత విప్పి చూపే గుడ్డ దానిని బట్టే ఉంటుంది. యూట్యూబ్ చేసే పని కూడా ఇదే. 2016లో ఆ సంస్థ ఇంజనీర్లు ముగ్గురు ఒక పరిశోధన పత్రంలో ఈ పద్ధతిని వివరించారు. పని రెండు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచెలో లక్షలాది వీడియోల నుండి, మన వంటి అభిరుచి గలవారు చూసిన కొన్ని వందలను ఏరుతారు. రెండవ అంచెలో వాటిలో దేనిని మనం ఎంతసేపు చూడవచ్చో అంచనా కట్టి వరుసలో పేరుస్తారు.

తొలి రోజుల్లో లెక్క వేరుగా ఉండేది. ఎక్కువమంది నొక్కిన వీడియోకే ఎక్కువ విలువ. దాంతో లోపల సరుకు లేకపోయినా ఆకర్షణీయమైన బొమ్మ, అబద్ధపు శీర్షిక పెట్టి జనాన్ని లాగేవారు పెరిగారు. అందుకే 2012లో నొక్కడం కన్నా, ఎంతసేపు చూశారన్నదే ముఖ్యమన్న నిర్ణయానికి వచ్చారు. ఆ తర్వాత లైకులు, డిస్‌లైకులు, ఇతరులకు పంపడం, ‘ఈ వీడియో మీకు తృప్తినిచ్చిందా’ అని అడిగే ప్రశ్నలకు ఇచ్చే జవాబులు కూడా లెక్కలో చేరాయి. ఇలాంటి సంకేతాలు 8,000 కోట్లకు పైగా తమ యంత్రాంగానికి అందుతున్నాయని 2021లో సంస్థ ప్రకటించింది.

కోపంతో చూసినా చూపే

ఇక్కడే మనం బాగా ఆలోచించవలసిన విషయం ఒకటుంది. యంత్రం మన గడియారాన్ని లెక్కించగలదు గాని మన మనసును చదవలేదు. ప్రేమతో పది నిమిషాలు చూసినా పది నిమిషాలే, కోపంతో పళ్ళు కొరుకుతూ చూసినా పది నిమిషాలే. తృప్తి గురించి అడిగే ప్రశ్నలకు జవాబిచ్చేవారు కొద్దిమందే. మిగిలినవారి మనసులో ఏముందో యంత్రం ఊహించుకోవలసిందే.

2020 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోండి. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. రాష్ట్రంలో కరోనా కేసులు అత్యధికంగా నమోదైన జిల్లాల్లో మనది ముందు వరుసలో ఉంది. ఒకవైపు రోగ భయం, మరోవైపు ముస్లిములే రోగాన్ని వ్యాపింపజేస్తున్నారంటూ దేశమంతటా చెలరేగిన వీడియోలు. పోలీసు వాహనంలో ఒక వ్యక్తి పోలీసులపై ఉమ్మే దృశ్యాన్ని ఢిల్లీ మర్కజ్‌కు వెళ్ళినవారిదిగా ప్రచారం చేశారు. నిజానికి అది 2020 ఫిబ్రవరిలో ముంబయిలో ఒక విచారణ ఖైదీకి సంబంధించిన దృశ్యమని నిజానిజాలు పరిశీలించేవారు తేల్చారు. కాని నిజం బయటికి వచ్చేసరికి అబద్ధం ఊళ్ళు దాటిపోయింది.

ఆ వీడియోలు ఎక్కువగా ఫోను నుంచి ఫోనుకు పాకినవే. అయితే వాటిని పంపినవారంతా ద్వేషించేవారేనా? కాదు. ‘చూడండి, మనపై ఎలాంటి నింద వేస్తున్నారో’ అంటూ బాధతో పంపినవారు మనలోనే ఎందరో ఉన్నారు. సిఫారసులతో నడిచే యూట్యూబ్‌లో ఇదే పని చేస్తే నష్టం ఇంకా ఎక్కువ. నిందను ఖండించాలని మనం పది సార్లు చూస్తాం, నూరుమందికి పంపుతాం. దీనిని జనం ఇష్టపడుతున్నారని యంత్రం అర్థం చేసుకుంటుంది. ఉర్దూలో గవాహీ అంటాం, సాక్ష్యమని అర్థం. మనకు వ్యతిరేకంగా చెప్పిన అబద్ధానికి మన చూపుతోనే మనం గవాహీ ఇచ్చినట్లవుతుంది.

తెలుగువారు జాగ్రత్త పడటానికి మరో కారణం కూడా ఉంది. మోజిల్లా అనే లాభాపేక్ష లేని సంస్థ 37 వేలమందికి పైగా స్వచ్ఛంద సేవకుల సాయంతో చేసిన అధ్యయనాన్ని 2021లో వెలువరించింది. ‘ఇది చూడకుండా ఉంటే బాగుండేది’ అని వారు ఫిర్యాదు చేసిన వీడియోల్లో 71 శాతం యంత్రం సిఫారసు చేసినవే. ఇంగ్లీషు ప్రధాన భాష కాని దేశాల్లో ఇలాంటి ఫిర్యాదుల రేటు 60 శాతం ఎక్కువ.

మంచికీ ఇదే దారి

యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ గారిని నూరేళ్ళు దాటిన వయసులో దేశదేశాలకు పరిచయం చేసింది కూడా యూట్యూబే. 2018లో ఆమె కన్నుమూసే నాటికి ఆమె ఛానల్ చందాదారులు పది లక్షలు దాటారు. హైదరాబాదులో ఖ్వాజా మొయినుద్దీన్ గారు పెద్ద పెద్ద గిన్నెల్లో వంట చేసి అనాథ పిల్లలకు వడ్డించే వీడియోలను కూడా లక్షలాదిమంది చూస్తున్నారు. ఇవన్నీ ప్రేక్షకులు ఆగి చూసినందువల్లే నిలిచాయి.

కాబట్టి కొన్ని అలవాట్లు చేసుకుందాం. నచ్చని వీడియోకు డిస్‌లైకు కొట్టి ఊరుకుంటే చాలదు. మోజిల్లా 2022లో పరీక్షించగా డిస్‌లైకు వల్ల అక్కరలేని సిఫారసులు తగ్గినది 12 శాతమే. వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఈ ఛానల్‌ను సిఫారసు చేయవద్దు’ అని చెబితే 43 శాతం, చూసిన వీడియోల జాబితా నుండి దానిని తొలగిస్తే 29 శాతం తగ్గాయి. అబద్ధపు వీడియోను ఖండించాలంటే ఆ వీడియోను పంపకండి, నిజమేమిటో నాలుగు మాటల్లో రాసి పంపండి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట పెద్దలు చూసినదాని నీడ పిల్లల ముందు పడుతుందని మరువకండి. మంచి పాఠం, మంచి మాట దొరికితే మధ్యలో వదిలేయకుండా చివరిదాకా చూడండి, నలుగురికీ చూపండి.

పెద్దమనిషి సిఫారసు చేస్తే మంచిచెడ్డల బాధ్యత ఆయనదని తప్పుకోవచ్చు. ఈ యంత్రం చేసే సిఫారసులో మాత్రం మన సంతకం కూడా ఉంటుంది. వేలు పెట్టే ముందు, చూపు నిలిపే ముందు ఒక్క క్షణం ఆగి, దీనిని పొరుగింటి పిల్లవాడికి చూపమని మనం చెప్పగలమా అని ప్రశ్నించుకుందాం.