గుప్పెడు ఉన్నితో గొర్రెపిల్ల

గొర్రెల మందకు ఋణం మంజూరు చేసేటప్పుడు మేము ఆదాయపు పట్టిక ఒకటి తయారు చేస్తాము. అందులో పిల్లలు, మాంసం, ఎరువు వరుసగా రాసుకొంటూ వస్తాము. ఉన్ని గడి వద్దకు వచ్చేసరికి కలం ఆగిపోతుంది. పాలమూరు ప్రాంతంలో గొంగళ్లు నేసే కురుమ కుటుంబాలకు ఒకప్పుడు ఆ ఉన్నే జీవనాధారం. ఇప్పుడు కత్తిరింపు కూలి కూడా గిట్టక, దానిని గట్టు మీదనే వదిలివేసే కాపరులను మీరూ చూచే ఉంటారు. “దీన్ని కొనేటోళ్లు ఎవరన్న ఉన్నరా సారూ?” అని ఒక కాపరి అడిగినప్పుడు నా వద్ద సమాధానం లేకపోయింది.

గత శీతకాలంలో పుదుచ్చేరి పట్టణంలోని మా బంధువుల ఇంటికి వెళ్లవలసి వచ్చింది. వారి పొరుగున, యానాం నుండి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ ఉన్నితో చిన్న చిన్న జంతువులను చేసి యాత్రికులకు అమ్ముతున్నారని విన్నాను. ఆ కాపరిని అడిగి ఒక కిలో నల్ల ఉన్ని సంచిలో పెట్టుకొని బయలుదేరాను.

బొమ్మలు పుదుచ్చేరికి కొత్త కావు. పట్టణానికి పడమటనున్న విల్లియనూరు మట్టి బొమ్మలకూ, తిరుక్కనూరు కాగితపు గుజ్జు బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉన్నది. విల్లియనూరు మట్టి పనిలో పేరుపొందిన వి.కె. మునుస్వామి గారిని 2020లో పద్మశ్రీ వరించింది. ఉన్ని బొమ్మ మాత్రం ఈ ఊరికి పరాయిది. యంత్రాలకు వందల కొద్దీ గాట్ల సూదులను బిగించి, ఉన్నిని గుచ్చి, నేత లేకుండానే దళసరి ఫెల్ట్ తయారు చేయడం కర్మాగారాలలో 19వ శతాబ్ది నుండీ ఉన్నది. అటువంటి సూదిని ఒక్కదానినే చేతబట్టి బొమ్మలు చేయవచ్చునని 1980లలో అమెరికాలోని స్టాన్‌వుడ్ దంపతులు కనుగొన్నారు. దీనినే నీడిల్ ఫెల్టింగ్ అంటారు.

నా మొదటి తప్పు ఉతకడంలోనే జరిగింది. జిడ్డు వదలాలని కొంత ఉన్నిని వేడి నీటిలో సబ్బు వేసి, బట్టలను ఉతికినట్లు రుద్దాను. అరగంటలో అది రొట్టెలాగా అట్ట కట్టింది. ఆవిడ నవ్వి, “బాబూ, మీరు సూది లేకుండానే పని ముగించేశారు” అన్నారు. కారణం సులభంగానే బోధపడుతుంది. ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే ఒంటినిండా చేప పొలుసుల వంటివి ఉంటాయి. వేడికీ, రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఇక విడిపోవు. నూలుకు ఈ పొలుసులు లేవు కనుక ప్రత్తితో ఈ పని సాగదు. మిగిలిన ఉన్నిని గోరువెచ్చని నీటిలో కదపకుండా నానబెట్టి, ఆరబెట్టి, దువ్వి సిద్ధం చేసుకొన్నాము.

ఇక సూది సంగతి. ఇది కుట్టు సూది కాదు. దీనికి దారం ఎక్కించే కన్ను ఉండదు. మూడు పలకల మొనకు సన్నని గాట్లుంటాయి. గుచ్చినప్పుడు అవి పోగులను లోనికి లాగి అక్కడే వదిలి వస్తాయి. నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది. 36తో మొండెం గట్టిపరచి, 40తో ముఖం తీర్చాలి. క్రింద మందపాటి స్పాంజి ముక్క తప్పనిసరి.

గుప్పెడు ఉన్నిని చుట్టగా చుట్టి గుచ్చనారంభించాను. పది నిమిషాలకు ఒక ప్రక్క పలచబడి దోసె అయింది. బొమ్మను నిరంతరం త్రిప్పుతూ గుచ్చాలని అప్పుడు తెలిసింది. కాళ్లను విడిగా చేసి, అతుకవలసిన కొసను గుచ్చకుండా వదులుగా ఉంచి, ఆ వదులు పోగులను మొండెంలోనికి దించాలి. నేను రెండు కాళ్లను కొసదాకా గట్టిపరచివేయడంతో అవి అతుకులేదు. ఒక సూది విరిగింది. “సూది ఎలా దిగిందో అలాగే తీయండి బాబూ. మెలిపెడితే పుటుక్కుమంటుంది” అని ఆవిడ ముందే చెప్పారు. వేలికి మూడు పోట్లు పడిన సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన ముతక ఉన్ని మాత్రం తొందరగానే గట్టిపడింది. సాయంత్రానికి నా అరచేతిలో ఒక గొర్రెపిల్ల నిలిచింది. చూచిన వారిలో సగం మంది కుక్కపిల్ల అన్నారు.

తూచి చూస్తే దాని బరువు పది గ్రాములు. పట్టిన కాలం అయిదు గంటలు. అలవాటుపడిన ఆవిడ చేతులకైనా రోజుకు రెండు బొమ్మలే.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక దక్కనీ గొర్రె ఏడాదికి సుమారు అర కిలో ఉన్ని ఇస్తుంది. వృథా పోను కూడా నలభై బొమ్మలకు సరిపోతుంది. అంటే ఒక్క గొర్రె ఉన్ని ఒక మనిషికి ఇరవై రోజుల పని. నూరు గొర్రెల మంద ఉన్నిని ఈ మార్గంలో ఖర్చు చేయడానికి ఒక మనిషికి రెండు వేల రోజులు కావాలి. కాపరి ప్రశ్నకు ఇది సమాధానం కాదని ఒప్పుకోక తప్పదు. ఉన్ని గుట్టలు తరగాలంటే గొంగడి, రాజస్థాన్‌లోని టోంక్‌లో చేసే నమదా వంటి పెద్ద వస్తువులే శరణ్యం.

అయితే బొమ్మ చేసే గృహిణి లెక్క వేరు. ఆమె పెట్టుబడి ఉన్నిలో లేదు, సూదిలోనూ లేదు, గంటలలో ఉన్నది. కనుక ఋణం అడిగేటప్పుడు యంత్రమనీ, షెడ్డనీ పెద్ద అంకెలు రాయకండి. సరుకు అమ్ముడై డబ్బు చేతికి వచ్చేవరకు ఇల్లు గడిచే నిర్వహణ పెట్టుబడిని అడగండి. ముద్రా పథకంలోని శిశు తరగతి క్రింద యాభై వేల రూపాయల వరకు హామీ లేకుండా ఇచ్చే అవకాశమున్నది. మొదటి ఏడాదికి అందులో సగం కూడా అవసరం పడదని నా అభిప్రాయం. వ్యాపారులకు ఒక మాట: అమ్మిన తరువాత చెల్లిస్తామని ఇటువంటి సరుకు తీసుకోవడం న్యాయం కాదు. ఆ భారమంతా ఆమె గంటల మీదనే పడుతుంది. తేమ తగిలే చోట నిలువ ఉంచితే పురుగు పడుతుంది కూడా.

పిల్లల ఆటవస్తువుగా అమ్మదలిస్తే మరొక నిబంధన ఉన్నది. 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన కళాకారులు చేసిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అందువలన ముందు ఆ గుర్తింపు కార్డు సంపాదించుకోవాలి. కళ్లకు పూసలు కుట్టకండి. ఊడితే పసిపిల్లలు మింగుతారు. ఉన్నితోనే చుక్క పెట్టండి.

తిరిగి వచ్చాక గొర్రెపిల్లను ఆ కాపరి చేతిలో పెట్టి, ఉన్నికి బేరం దొరకలేదని ఉన్న మాట చెప్పాను. ఆయన దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, “చెవులు తప్పు సారూ. మన గొర్రెకు చెవులు కిందికి వాలి ఉంటయి” అన్నాడు. సంచిలో ఇంకా ఉన్ని మిగిలే ఉన్నది. ఆ రాత్రి చెవులు పీకి మళ్లీ అతికాను.