జవహర్‌నగర్ గుట్ట కింద

హైదరాబాద్‌కు ఈశాన్యంగా కాప్రా, దమ్మాయిగూడ దాటి వెళ్తుంటే పచ్చగా గడ్డి పరుచుకున్న గుట్ట కనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్లకు అది మామూలు గుట్టే. పైన అక్కడక్కడా నిలబెట్టిన గొట్టాలు కంటపడితేనే అనుమానం వస్తుంది. గడ్డి కింద మట్టి, మట్టి కింద మందపాటి ప్లాస్టిక్ పొర, దాని కింద కోటి టన్నులకు పైగా చెత్త. లోపల చెత్త కుళ్లడంతో పుట్టే వాయువు పోవడానికే ఆ గొట్టాలు.

జవహర్‌నగర్ మాజీ సైనికుల కోసం కేటాయించిన భూముల్లో పెరిగిన ఊరు. 2000ల మొదట్లో మహానగరం తన చెత్తను ఇక్కడికి తోలడం మొదలుపెట్టింది. 2019లో ఊరు మున్సిపల్ కార్పొరేషన్ అయింది కానీ లారీల రాక ఆగలేదు. చెత్తలోంచి కారిన నల్లటి ఊట మల్కారం చెరువును పాడుచేసింది, చుట్టుపక్కల బోర్లలోకీ దిగింది. వాన పడిందంటే దమ్మాయిగూడ, నాగారం ఇళ్లలో వాసనకు తలుపులు మూసుకోవాల్సిందే. మన వీధులు శుభ్రంగా ఉండటానికి అయ్యే ఖర్చును ఇక్కడి జనం తమ ఆరోగ్యంతో కడుతున్నారు. దీన్ని అన్యాయం అని కాక మరేమనాలి?

ఇంట్లోంచి బయటపడిన చెత్త ఇక్కడిదాకా ఎలా వస్తుందో చూస్తే, గుట్ట ఎందుకు పెరిగిందో తెలుస్తుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2015లో ఇంటింటా చెత్త తీసుకునే స్వచ్ఛ ఆటోలను రోడ్డెక్కించింది. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం అంటూ ఇంటింటికీ రెండు బుట్టలు పంచింది. చాలా ఇళ్లలో వాటిలో ఒకటి బియ్యానికో బట్టలకో పోయింది, చెత్త మాత్రం పాత పద్ధతిలోనే ఒక్క సంచిలో బయటికొస్తోంది.

ఆ సంచి ముడి విప్పేది ఆటో వెనక నిలబడ్డ మనిషి. చాలా ఆటోల్లో భర్త బండి నడిపితే భార్య చెత్త ఏరుతుంది. పక్కన వేలాడదీసిన గోతాల్లో అట్టలు ఒకదాంట్లో, నీళ్ల సీసాలు ఒకదాంట్లో, గాజు, ఇనుము ఇంకోదాంట్లో పడతాయి. సాంబారులో నానిన అట్టను స్క్రాప్ దుకాణంలో ఎవరూ కొనరు. అదే అట్ట పొడిగా ఉంటే ఆమెకు ఆ రోజు నాలుగు రూపాయలు. పగిలిన గాజుపెంకు, వాడేసిన సూది, చుట్టకుండా పారేసిన ప్యాడు, అన్నీ ఆ చేతులకే తగులుతాయి. హైదరాబాద్‌లో జరుగుతున్న రీసైక్లింగ్‌లో పెద్ద భాగం ఈ చేతుల మీదుగా నడుస్తున్నదే.

గోతాల్లో పడినవాటికి మరో బతుకు ఉంది. నీళ్ల సీసాలను రకాలవారీగా వేరుచేసి, ముక్కలు చేసి కడుగుతారు. సీసా ముక్కలు నీటి అడుగుకు దిగితే, మూత ముక్కలు పైకి తేలతాయి. అలా వేరుపడ్డ సీసా ముక్కలు కరిగి, పాలిస్టర్ దారమై దిండ్లలోకో చొక్కాల్లోకో చేరతాయి. చిప్స్ ప్యాకెట్ సంగతి వేరు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉన్న దాన్ని విడదీయడం గిట్టుబాటు కాదు కాబట్టి ఎవరూ ఏరరు. సిమెంటు కొలిమికి చేరితే బొగ్గుతో పాటు మండుతుంది, లేదంటే జవహర్‌నగరే దిక్కు.

ఏరగా మిగిలిన చెత్తను ఆటోలు యూసుఫ్‌గూడ, ఇమ్లీబన్ లాంటి చోట్ల దింపితే, అక్కడినుంచి పెద్ద లారీలు జవహర్‌నగర్‌కు తీసుకొస్తాయి. కొంత ఎరువవుతుంది. మండేదాన్ని విడదీసి, 2020లో మొదలైన ప్లాంటులో కాల్చి కరెంటు తీస్తున్నారు. అన్నం, కూరగాయల తొక్కలతో తడిసి ముద్దయిన చెత్త సరిగ్గా మండదు. కాల్చాక బూడిద మిగులుతుంది, దాన్నీ ఎక్కడో ఒకచోట పూడ్చాల్సిందే. కాల్చేస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

మన ఇళ్ల చెత్తలో ఇంచుమించు సగం తడిదే. అది వంటింటి గడప దాటకపోతే లారీ బరువు, గుట్ట ఊట, ఊరి వాసన, మూడూ తగ్గుతాయి. చిల్లులు పెట్టిన పాత బకెట్‌లో తొక్కల మీద ఎండుటాకులో కొబ్బరిపీచో ఒక పొర వేస్తూ పోతే, రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. వాసన వస్తుందని భయపడేవాళ్లు ఎండుటాకులు మరికాస్త ఎక్కువ వేస్తే చాలు.

అంతకంటే మేలైన దారి సిద్దిపేట జిల్లా పల్లెలు చూపించాయి. అక్కడ మహిళా సంఘాలు స్టీలు బ్యాంకులు పెట్టుకున్నాయి. పెళ్లయినా దావతైనా పళ్లాలు, గ్లాసులు అక్కడినుంచే అద్దెకు తెచ్చుకుంటారు, కడిగి తిరిగిచ్చేస్తారు. రీసైక్లింగ్ గురించి మనం మాట్లాడుకునే మాటలన్నిటికన్నా ఈ పని నాకు విలువైనదిగా కనిపిస్తుంది. పారేసే ప్లేటు అసలు కొననేలేదు కదా, దాన్ని ఏరేదెవరు, కాల్చేదెవరు అన్న ప్రశ్నే రాదు. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లలో చిన్న చిన్న నీళ్ల సీసాలు సగం తాగి వదిలేయడం చూస్తే, ప్రతి బస్తీకీ ఒక స్టీలు బ్యాంకు ఎందుకు ఉండకూడదనిపిస్తుంది.

తడి, పొడి వేరుచేయాలని 2016 నుంచే నిబంధన ఉంది. అది మనకే కాదు, తీసుకెళ్లేవాళ్లకూ వర్తిస్తుంది. ఇంట్లో ఓపిగ్గా వేరుచేసి ఇచ్చిన రెండు బుట్టలనూ ఆటోలో ఒకేచోట కుమ్మరిస్తుంటే ఊరుకోకూడదు. అపార్ట్‌మెంట్ సంఘం తరఫున వార్డు ఆఫీసుకు రాసివ్వాలి, ఒకసారి సరిపోకపోతే మళ్లీ రాయాలి. ఆటోవాళ్లను తిడితే లాభం లేదు. రెండు గదులున్న బండీ, చేతులకు గ్లౌజులూ వాళ్లకు ఇవ్వాల్సింది కార్పొరేషనే.