మూకీ భీష్ముడి జాడేదీ?

చెన్నై: తెరమీద బొమ్మలు పెదాలు కదిపేవి.. మాట వినపడేది కాదు. కథ చెప్పడానికి తెర పక్కన ఓ మనిషి నిలబడేవాడు. అలాంటి మూకీలు తీసిన తొలి ఊళ్లలో మన మద్రాసూ ఒకటి. తీసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. చూద్దామంటేనే దొరకవు!

బందరు నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్య ఇక్కడ ఫొటో స్టూడియో నడిపేవారు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోనే తాకట్టుపెట్టి 'క్రోనో మెగాఫోన్' తెప్పించారు. గుడారాలేసి ఊరూరా బొమ్మలాడించారు. బర్మా, సింహళం దాకా వెళ్లొచ్చారు. తర్వాత గెయిటీ థియేటర్ కట్టారు. కొడుకు ప్రకాష్‌ను లండన్ పంపి సినిమా పని నేర్పించారు. తండ్రీకొడుకులు 1921లో 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' పేరిట తీసిందే 'భీష్మ ప్రతిజ్ఞ'. భీష్ముడు ప్రకాషే. ఆడవాళ్లు వేషం కట్టడానికి జంకే రోజులు కదా.. గంగగా పెగ్గీ కాస్టెల్లో అనే దొరసాని నటించింది. ప్రకాష్ దగ్గర పని నేర్చుకున్న సి.పుల్లయ్యే 1934లో 'లవకుశ' టాకీ తీశారు.

మంట.. వెండి

ఆనాటి ఫిల్ము నైట్రేట్‌ది. అంటుకుందంటే నీళ్లు పోసినా ఆరదు. వేడికి, చెమ్మకు జిగటగా మారి చివరికి పొడైపోతుంది. 1931లో టాకీలు రాగానే మూకీని అడిగే నాథుడే లేడు. పాత రీళ్లు కడిగి వెండి తీసుకున్నారు. దేశంలో దాదాపు 1,300 మూకీలు తీస్తే మిగిలినవి ముప్పైకి అటూ ఇటూ. వాటిలోనూ కొన్ని తునకలే! 1913 నాటి 'రాజా హరిశ్చంద్ర'కే పూర్తి రీళ్లు లేవు. పురసవాక్కంలో నటరాజ మొదలియార్ తీసిన 'కీచక వధ' కూడా దక్కలేదు.

కోర్టు గొడవే కాపాడింది

దక్షిణాది మూకీ కథాచిత్రాల్లో మిగిలింది 'మార్తాండవర్మ' ఒక్కటే. నాగర్‌కోయిల్ వాసి సుందర్‌రాజ్ నిర్మించారు. 1933లో తిరువనంతపురంలో ఆడింది. నవల హక్కులు తమవంటూ పుస్తక ప్రచురణకర్తలు కోర్టుకెక్కడంతో ఆట ఆగింది. రీళ్లు వాళ్ల దగ్గరే మూలనపడ్డాయి. 1974లో పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ చేతికొచ్చాయి. ఆడి ఉంటే అరిగిపోయేదేమో!

మన పాత ఇళ్ల అటకలమీద, టూరింగ్ టాకీసులు నడిపిన కుటుంబాల ట్రంకు పెట్టెల్లో తుప్పు పట్టిన రీలు డబ్బా కనపడితే పాత సామాన్లవాడికి వేయొద్దు. ప్రొజెక్టరుకు ఎక్కించొద్దు, ఎండలో పెట్టొద్దు. నిప్పుకు దూరంగా ఉంచి పుణె ఆర్కైవ్‌కు కబురు చేయండి. పోస్టరు, కరపత్రం, ఫొటో అయినా సరే. బొమ్మ పోయిన సినిమాకు ఇప్పుడు అవే ఆనవాళ్లు.