కుస్కో వీధుల్లో ఒక పగలు

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున కుస్కో నగరమున్నది. మన దేశపు లేహ్ పట్టణం దాదాపు ఇంతే ఎత్తున ఉంటుంది. స్పెయిన్ సేనలు రాకమునుపు ఇన్కా రాజులకు ఇదే రాజధాని. మాచుపిచ్చు చూడబోయే యాత్రికుల్లో అనేకులు ఇక్కడ ఒక రాత్రి తలదాచుకొని, తెల్లవారగానే వెళ్ళిపోతారు. మా వద్ద చదువుకొని ఇప్పుడు విదేశంలో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు అలా వెళ్ళిపోలేదు. వీపున సంచి తగిలించుకొని ఒక పగలంతా ఆ నగరంలో కాలినడకన తిరిగాడు. సెలవుల్లో వచ్చినప్పుడు అతడు చెప్పిన విశేషాలకు మేము చదివిన చరిత్రను జోడించి పాఠకుల ముందుంచుతున్నాము.

ఆ ఎత్తున గాలి పలుచన. సముద్రతీరంలో మనకు దొరికే ప్రాణవాయువులో సుమారు మూడింట రెండు వంతులే అక్కడ ఊపిరికి అందుతుంది. ఇరవై మెట్లెక్కేసరికి గుండె దడదడలాడుతుంది. బసచేసిన చోట కోకా ఆకులు వేసిన వేడినీళ్ళు ఇస్తారు. ఆ ఆకు అక్కడివారికి తరతరాల అలవాటు. అయితే కొకైన్ తీసేది కూడా దాని నుంచే. మన యువకుడు దానిని మర్యాదగా పక్కనపెట్టి గోరువెచ్చని నీళ్ళు అడిగాడు. బాగా చేశాడనే మేమంటాము. తొలిరోజు నెమ్మదిగా నడవడం, మితంగా తినడం, తరచుగా నీళ్ళు తాగడం అతనికి చాలినవి.

ఉదయం అతడు మొదట చేరింది హతున్ రుమియోక్ అనే ఇరుకు వీధికి. అక్కడున్నది ఆర్చిబిషప్ భవనం. దాని కింది గోడ మాత్రం ఇన్కా రోకా అనే రాజు ప్రాసాదానిదని చెబుతారు. రాళ్ళ నడుమ సున్నం లేదు. రాయి రాయిలో ఒదిగి కూర్చున్నది. వాటిలో ఒక రాయికి పన్నెండు కోణాలు. చుట్టూ ఉన్న రాళ్ళన్నీ ఆ కోణాలకు సరిపోయేలా చెక్కబడినవి. ఇన్కాల వద్ద ఇనుము లేదు, బండిచక్రం లేదు, మనమెరిగిన లిపి కూడా లేదు. లెక్కలన్నీ ముడులు వేసిన దారాలలో భద్రపరచేవారు. వాటిని కీపు అంటారు. గట్టి రాతిగుండ్లతో కొట్టి కొట్టి ఈ రాళ్ళను మలిచారు. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి ఒరుగుతాయి. ద్వారాలు అడుగున వెడల్పు, పైన ఇరుకు. భూకంపాల దేశంలో ఈ పద్ధతి విలువ ఏమిటో మధ్యాహ్నం అతడు కళ్ళారా చూశాడు.

అంతకుముందు శాన్ పెద్రో సంతకు వెళ్ళాడు. ఈ భాగం మా ఇంట్లో ఆడవారు రెండుసార్లు చెప్పించుకున్నారు. బంగాళాదుంపకు పుట్టినిల్లు ఆండీస్ పర్వతసీమ. సంతలో పసుపు, ఎరుపు, ఊదా రంగుల దుంపలు రాశులుగా పోసి ఉంటాయి. తెల్లగానో నల్లగానో, గులకరాళ్ళలా ఎండిన దుంపలు కూడా అమ్ముతారు. వాటి పేరు చూన్యో. గడ్డకట్టే చలిరాత్రి దుంపలను ఆరుబయట పరచి, పగటి ఎండకు మెత్తబడిన తరువాత కాళ్ళతో తొక్కి నీరు పోగొట్టి, తిరిగి ఎండబెడతారు. ఇలా చేసినవి ఏళ్ళ తరబడి చెడవు. మన వంటింటి మిరపకాయ, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. అంతకుమునుపు మన పెద్దల కూరల్లో కారానికి మిరియాలే ఆధారం. అక్కడి మాంసం హలాల్ అవునో కాదో తెలియదు గనుక, అతడు ఉడికించిన మొక్కజొన్న, దుంపలు, చేపతో భోజనం ముగించాడు.

మధ్యాహ్నం కొరికాంచాకు చేరాడు. ఆ పేరుకు బంగారు ప్రాంగణమని అర్థం. ఇది ఇన్కాల సూర్యాలయం. సృష్టిని పూజించిన వారి విశ్వాసంతో మనకు ఏకీభావం లేదు. ఇన్కాలు కూడా విజేతలే; ఓడిన తెగలను సొంత ఊళ్ళ నుంచి పెకలించి దూరసీమలకు తరలించారు. కాని వారిపై జరిగిన ద్రోహాన్ని ద్రోహమనే చెప్పాలి. 1532లో కహమార్కా పట్టణంలో అతహువల్పా రాజును స్పెయిన్ సేనలు బంధించాయి. విడుదల కోసం ఒక గది నిండా బంగారం ఇస్తానని అతడు మాటిచ్చాడు. ఆ బంగారం కోసం ఈ ఆలయపు గోడల రేకులను ఊడబెరికారు. అపురూపమైన పనితనమంతా కరిగి కడ్డీలైనది. సొమ్ము ముట్టిన తరువాత, 1533లో, రాజును చంపారు. అదే సంవత్సరం నవంబరులో కుస్కోలో ప్రవేశించారు. ఆలయం మీద శాంతో దొమింగో అనే క్రైస్తవ మఠం వెలసింది. 1950 మే 21న వచ్చిన భూకంపంలో మఠం తీవ్రంగా దెబ్బతిన్నది. కింది ఇన్కా గోడలు నిలిచే ఉన్నాయి.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. స్పెయిన్ సైనికులు రాసిన తొలి నివేదికల్లో ఇన్కాల ఆలయాలను ‘మెస్కీతా’ అన్నారు. స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం మసీదు. గర్నాతా పతనం 1492లో. కుస్కో పతనం దానికి 41 సంవత్సరాల తరువాత. వారికి తెలిసిన పరాయి ఆరాధనా స్థలం మసీదే. స్పెయిన్ చర్చిల్లో ముస్లిములను గుర్రపు డెక్కల కింద తొక్కుతున్నట్లు చూపే శాంతియాగో మూర్తి, కుస్కోలో ఇన్కాలను తొక్కుతూ కనిపిస్తుంది. మదరసాలలో అందలుస్ చరిత్ర సాధారణంగా గర్నాతాతో ముగుస్తుంది. దాని తరువాతి అధ్యాయం ఈ పర్వతాలలో ఉన్నది.

సాయంత్రం నగరం పైనున్న సక్సాయ్‌వామాన్ కోటకు ఎక్కాడు. మూడంతస్తులుగా, రంపపు పళ్ళ వరుసలాగా సాగే గోడలవి. కొన్ని రాళ్ళ బరువు నూరు టన్నులకు మించినది. స్పెయిన్‌వారు ఇళ్ళకూ చర్చిలకూ ఇక్కడి రాళ్ళను మోసుకుపోయారు, మోయలేనివి మిగిలాయి. ఆ శిథిలాలలో ఆడుకున్న పిల్లల్లో ఒకడు గార్సిలాసో. 1539లో కుస్కోలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ సేనాని, తల్లి ఇన్కా రాజవంశపు స్త్రీ. కోట కింది సొరంగాలలో, వెలుతురు అందినంత వరకే వెళ్ళేవారమని తరువాత రాశాడు.

ఇతని జీవితం మమ్మల్ని చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. 1560లో స్పెయిన్ వెళ్ళాడు; మళ్ళీ స్వదేశం చూడలేదు. అల్‌పుహర్రాస్ కొండలలో మోరిస్కోలు, అంటే బలవంతంగా క్రైస్తవులుగా మార్చబడిన అందలుస్ ముస్లిములు, తిరగబడినప్పుడు వారిని అణచిన సైన్యంలో పనిచేశాడు. ఒక ఓడిన జాతి బిడ్డ మరో ఓడిన జాతిపై కత్తి పట్టాడు. తరువాత తల్లి వంశీయుల నుంచి విన్నదంతా గ్రంథస్థం చేశాడు. ఇన్కాల చరిత్రపై ఆ గ్రంథం 1609లో లిస్బన్‌లో అచ్చయింది. మోరిస్కోలను దేశం నుంచి వెళ్ళగొట్టే ఆజ్ఞ కూడా ఆ సంవత్సరమే వెలువడింది. 1616లో అతడు మరణించాడు. అతని సమాధి ఎక్కడో తెలుసా? ఖుర్తుబా జామె మసీదులో. చర్చిగా మార్చబడిన ఆ మసీదులోని ఒక గదిలో.

1978లో ఆ అవశేషాలలో కొంత భాగం కుస్కోకు చేరింది. ప్రధాన కూడలిలోని త్రిఉన్ఫో చర్చిలో ఉన్నది. మన యువకుడు అక్కడికి చేరేసరికి పొద్దుగూకింది, చలి ముదిరింది. 1781లో స్పెయిన్ పాలనపై తిరగబడిన రెండవ తుపాక్ అమారును ఉరితీయించక, గుర్రాలతో చీల్పజూసి, చివరకు తల నరికింది ఈ కూడలిలోనే. ఆ తిరుగుబాటు తరువాత గార్సిలాసో గ్రంథాన్ని నిషేధించారు; ఇన్కా దుస్తులపైనా, స్థానికుల కెచువా భాషపైనా ఆంక్షలు పెట్టారు. 1975లో పెరూ ప్రభుత్వం కెచువాను అధికార భాషగా గుర్తించింది. మెట్ల మీద ఉన్ని టోపీలమ్ముతున్న ఒక వృద్ధురాలు అతనితో స్పానిష్‌లో బేరమాడి, పక్కనున్న మనవరాలితో ఆ భాషలోనే ఏదో చెప్పి నవ్వుకున్నదట.