ఆపరేషన్ తర్వాత వాంతులా? మణికట్టు దగ్గర ఓ చోటుంది!

ఆపరేషన్ అనగానే మనందరికీ నొప్పే గుర్తొస్తుంది. కానీ మొన్న మా అక్కకి గాల్‌బ్లాడర్ తీసేశాక తనని ఎక్కువ ఏడిపించింది నొప్పి కాదు, వాంతులు. కుట్లున్న పొట్టతో వాంతి చేసుకోవడం ఎంత నరకమో పక్కనే బేసిన్ పట్టుకుని కూర్చున్నా కాబట్టి నాకు తెలుసు. ఫుల్ అనస్థీషియా తీసుకున్న ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి ఇదే తిప్పలట.

సరిగ్గా అప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫార్వర్డ్ వచ్చిపడింది. ‘చైనాలో మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్లు చేసేస్తారు’ అని. ఇందులో నిజమెంత?

అసలు కథ ఇదీ

1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్టు జేమ్స్ రెస్టన్ చైనా వెళ్లాడు. అక్కడ కడుపునొప్పి మొదలైతే బీజింగ్ ఆసుపత్రిలో అపెండిక్స్ తీసేశారు. అదీ మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే! రెండో రోజు రాత్రి పొట్ట ఉబ్బరంతో ఇబ్బంది పడుతుంటే మోచేయి దగ్గర, మోకాళ్ల కింద మూడు సూదులు గుచ్చారు. గంటలో ఉబ్బరం తగ్గిందని ఆయనే రాశాడు. ఆ కథ నోళ్లు మారి చాలామంది దగ్గర ‘మత్తు లేని ఆపరేషన్’ అయి కూర్చుంది. అంటే సూది పని చేసింది ఆపరేషన్‌కి కాదు, ఆ తర్వాతి బాధకి.

మూడు వేళ్ల దూరంలో

ఇప్పుడు ఆసుపత్రుల్లో ఆక్యుపంక్చర్‌కి దొరికిన చోటు కూడా దాదాపు అదే. 1986లో బెల్‌ఫాస్ట్‌కి చెందిన మత్తు డాక్టర్ జాన్ డండీ, ఆయన బృందం ‘పీ6’ అనే పాయింట్ మీద సూది గుచ్చితే ఆపరేషన్ తర్వాత వాంతులు తగ్గుతున్నాయని చూపించారు.

ఆ పాయింట్ మీరే పట్టుకోవచ్చు. అరచేయి మీ వైపు తిప్పండి. మణికట్టు గీతకి పైన మూడు వేళ్లు అడ్డంగా ఆనించండి. మూడో వేలు దాటిన చోట, తాళ్లలా తగిలే రెండింటి మధ్యలో ఉంటుంది.

2015లో కొక్రేన్ సంస్థ ఇలాంటి 59 పరిశోధనల్ని, 7,667 మంది వివరాల్ని కలిపి చూసింది. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే పీ6 వల్ల వికారం, వాంతులు రెండూ తగ్గాయి. సూదే అక్కర్లేదు, బొటనవేలితో నొక్కినా, గుండీ ఉన్న రిస్ట్‌బ్యాండ్ కట్టినా సరే. అయితే ఆధారాలు గట్టివి కావని కూడా అదే నివేదిక చెప్పింది. నొప్పి విషయంలోనైతే ఫలితాలు ఇంకా కలగాపులగమే.

మీకు రిస్క్ ఉందా?

ఆడవాళ్లకి, బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లకి, గత ఆపరేషన్‌లో ఇబ్బంది పడ్డవాళ్లకి, తర్వాత మార్ఫిన్ లాంటి మందులు ఇచ్చేవాళ్లకి అవకాశం ఎక్కువ. విచిత్రం ఏంటంటే, సిగరెట్ తాగనివాళ్లకి కూడా! అలాగని ముట్టించకండి, ఊపిరితిత్తులకి అంతకంటే పెద్ద ముప్పు.

అందుకే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చెకప్‌కి వచ్చినప్పుడు మొహమాటపడకుండా నోరు విప్పండి. బస్సు వాంతుల సంగతి చిన్న విషయం అనుకోవద్దు. వాంతుల మందుతో పాటు రిస్ట్‌బ్యాండ్ వాడొచ్చా అని అడగండి. ‘పాటు’ అన్నది ముఖ్యం, మందు మానేసి కాదు. సూదులే అయితే శిక్షణ ఉన్నవాళ్లే వెయ్యాలి, ఒకసారి వాడి పారేసేవే అయ్యుండాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి.

మత్తు లేకుండా ఆపరేషన్ అనే ఫార్వర్డ్ మీకూ వస్తే డిలీట్ చేసెయ్యండి. మణికట్టు మీద మూడు వేళ్ల లెక్క మాత్రం గుర్తుంచుకోండి.